‘కృత్రిమ సూర్యుడి’ కరెంటు లెక్క

2022 జనవరి మాసంలో ఒక చిన్న వీడియో దేశమంతటా చేతిఫోన్లలో తిరిగింది. సముద్రతీరాన జనం గుమిగూడి ఉండగా, కళ్లు మిరుమిట్లు గొలిపే గోళమొకటి నేల మీది నుంచి పైకి లేచే దృశ్యమది. చైనావారు కృత్రిమ సూర్యుణ్ణి తయారుచేసి ఆకాశానికి పంపారని దాని కింద వ్యాఖ్య. నిజానికి అది హైనాన్ ద్వీపంలోని వెన్‌చాంగ్ కేంద్రం నుంచి 2021 డిసెంబరులో జరిగిన రాకెట్ ప్రయోగపు దృశ్యం. చైనావారు ‘కృత్రిమ సూర్యుడు’ అని పిలుచుకునే యంత్రం ఆకాశంలో లేదు. హెఫై నగరంలోని ఒక పరిశోధనాలయంలో, నాలుగు గోడల నడుమ ఉన్నది.

వీడియో అబద్ధమే గాని, దాని వెనుకనున్న ప్రయత్నం అబద్ధం కాదు. 2025 జనవరి 20న ఆ హెఫై యంత్రం, దాని పేరు ‘ఈస్ట్’, అత్యుష్ణ వాయువును 1,066 సెకన్లపాటు నిలకడగా పట్టి ఉంచింది. నెల తిరగకుండానే, ఫిబ్రవరి 12న, ఫ్రాన్సులోని ‘వెస్ట్’ అనే యంత్రం 1,337 సెకన్లతో ఆ రికార్డును దాటింది. పేర్లను బట్టి చూస్తే తూర్పు పడమరలు పందెం వేసుకున్నట్లే ఉన్నది. ఇటువంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన గ్రామాల్లో రచ్చబండ దగ్గర వినిపించే ప్రశ్న ఒక్కటే: “అయితే ఇక కరెంటు కోత ఉండదన్నమాటేనా?”

న్యాయమైన ప్రశ్న. ఒక రాష్ట్రపు విద్యుత్ లైను చివరి స్తంభం ఎక్కడ ఆగుతుందో అక్కడ నివసించేవారు వోల్టేజి గురించి అడగక మరెవరు అడుగుతారు? దానికి శాస్త్రజ్ఞుల పరిభాషలో గాక, ఇంటికి వచ్చే కరెంటు బిల్లు భాషలో సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించాలి. అణువిద్యుత్తు అనగానే మనకు గుర్తొచ్చేవి కర్ణాటకలో కైగా, తమిళనాడులో కల్పాక్కం, కూడంకుళం, మహారాష్ట్రలో తారాపూర్. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో తలపెట్టినదీ ఆ కోవలోనిదే. ఇవన్నీ కేంద్రక విచ్ఛిత్తి, అనగా యురేనియం వంటి బరువైన పరమాణు కేంద్రకాన్ని చీల్చి శక్తిని రాబట్టే పద్ధతి మీద ఆధారపడ్డవి. మనం ఇక్కడ మాట్లాడుకుంటున్నది కేంద్రక సంలీనం. కన్నడ పాఠ్యపుస్తకాల్లో దీనినే ‘బైజిక సమ్మిళన’ అనీ, తమిళంలో ‘అణుక్కరు ఇణైవు’ అనీ చెబుతారు. తేలికైన రెండు కేంద్రకాలు కలిసి ఒకటైనప్పుడు వెలువడే శక్తి ఇది. సూర్యుడిలో అనునిత్యం జరుగుతున్నదీ ఇదే. కొవ్వాడకు సంలీనానికి సంబంధం లేదు. కొవ్వాడ విషయంలో ఆశగాని, భయంగాని ఉన్నవారు సంలీనం వార్తలను చూసి ఆ ఆశను పెంచుకోనవసరం లేదు, ఆ భయాన్ని తగ్గించుకోనవసరమూ లేదు.

సంలీనానికి వాడదలచిన ఇంధనాలు రెండు: డ్యూటీరియం, ట్రిటియం. రెండూ హైడ్రోజన్ జాతివే. ఇవి కలిస్తే ఒక హీలియం కేంద్రకం, ఒక న్యూట్రాన్ పుడతాయి. పుట్టిన శక్తిలో అయిదింట నాలుగు వంతులు న్యూట్రాన్ పట్టుకుపోతుంది, ఒక వంతు హీలియంకు దక్కుతుంది. ఈ పంపకాన్ని గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. ముందు ముందు కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. రెండు కేంద్రకాలకూ ధనావేశమే గనుక అవి ఒకదానినొకటి వికర్షించుకుంటాయి. ఆ వికర్షణను అధిగమించాలంటే ఇంధనాన్ని సుమారు 15 కోట్ల డిగ్రీలకు వేడి చేయాలి. సూర్యగర్భంలో ఉండేది సుమారు కోటిన్నర డిగ్రీలే. సూర్యుడికి అపారమైన బరువున్నది గనుక తక్కువ వేడితో పని జరుపుకోగలడు. ఆ బరువు లేని మనం పదింతల వేడితో ఆ లోటు పూడ్చుకోవాలి. అంతటి వేడిలో పదార్థం ప్లాస్మాగా మారుతుంది. దానిని ఏ పాత్రా భరించలేదు గనుక అయస్కాంతాలతో గాలిలో వేలాడదీసినట్లు పట్టి ఉంచుతారు. ఆ అయస్కాంతపు వలయ పాత్ర పేరే టోకామాక్.

ఇక బిల్లు లెక్క. మనం డబ్బు చెల్లించే ఒక యూనిట్ విద్యుత్తు 3.6 మెగాజౌళ్లతో సమానం. ఈ ఒక్క సంఖ్య చేతిలో ఉంటే సంలీనం వార్తలు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

2022 డిసెంబరు 5న అమెరికాలోని లివర్‌మోర్‌లో, నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో, 192 లేజర్ కిరణాలను మిరియపు గింజంత ఇంధనపు గోళీ వైపు ఒక్కసారిగా ప్రయోగించారు. లేజర్లు అందించినది 2.05 మెగాజౌళ్లు, సంలీనం ద్వారా వచ్చినది 3.15 మెగాజౌళ్లు. పెట్టినదానికంటే ఎక్కువ వచ్చిందని ప్రపంచమంతా సంబరపడింది. సంబరానికి తగిన ఘనకార్యమే అది; అంతకు ముందు ఏ ప్రయోగశాలలోనూ అలా జరగలేదు. అయితే 3.15 మెగాజౌళ్లంటే యూనిట్‌లో ఎనిమిదింట ఏడు వంతులు. అయిదు హార్స్‌పవర్ బోరు మోటారును పధ్నాలుగు నిమిషాలు నడపడానికి సరిపోతుంది. మరి ఆ లేజర్లను సిద్ధం చేయడానికి విద్యుత్ గ్రిడ్ నుంచి తీసుకున్నదెంత? సుమారు 300 మెగాజౌళ్లు, అనగా 83 యూనిట్లు. అదే మోటారు ఇరవై రెండు గంటలు నడుస్తుంది. ఇరవై రెండు గంటల కరెంటు పెట్టుబడి, పధ్నాలుగు నిమిషాల రాబడి. 2025 ఏప్రిల్‌లో అదే కేంద్రం 8.6 మెగాజౌళ్లు సాధించింది. రాబడి పధ్నాలుగు నిమిషాల నుంచి ముప్పై ఎనిమిది నిమిషాలకు పెరిగింది. ఆ వచ్చినదైనా వేడి రూపంలోనే వచ్చింది; దానిని కరెంటుగా మార్చితే అందులో సుమారు మూడో వంతే చేతికి మిగులుతుంది.

ఇంగ్లండులోని జెట్ అనే టోకామాక్ 2023 అక్టోబరులో, మూతపడటానికి కొద్ది వారాల ముందు, అయిదారు సెకన్లలో 69 మెగాజౌళ్ల సంలీన శక్తిని వెలువరించింది. వాడిన ఇంధనం 0.2 మిల్లీగ్రాములు మాత్రమే. గోటి మీద కనిపించనంత ఇంధనం నుంచి 19 యూనిట్లు! ఈ సంఖ్యను చూసినప్పుడే శాస్త్రజ్ఞులు డెబ్బై ఏళ్లుగా దీని వెంట ఎందుకు పడుతున్నారో అర్థమవుతుంది. అయితే ఆ ప్లాస్మాను వేడి చేయడానికి లోపలికి పంపిన శక్తి వచ్చినదానికంటే ఎక్కువే.

తూర్పు పడమరల పందెం సంగతి ఇంకా వేరు. ఈస్ట్, వెస్ట్ యంత్రాల్లో ట్రిటియం లేదు. అవి విద్యుత్తుకు పనికివచ్చే శక్తిని పుట్టించలేదు. అవి నిరూపించినది పట్టి ఉంచే నేర్పును. వంట వండలేదు, పొయ్యి ఆరిపోకుండా చూసుకోవడం నేర్చుకున్నారు. అదీ అవసరమే.

ఇంతకూ ఆ పొయ్యిని అంటించడం ఎలా? ఇక్కడే కణపుంజాల శాస్త్రం రంగప్రవేశం చేస్తుంది. పత్రికలు దీనిని దాదాపు పట్టించుకోవు. ఫొటోకు అందేది ఏమీ లేదు గనుక కాబోలు.

ప్లాస్మాను వేడి చేయడానికి ముఖ్యమైన మార్గం అందులోకి అతివేగంగా దూసుకుపోయే కణాలను పంపడం. అవి లోపలి కణాలను ఢీకొని తమ వేగాన్ని వాటికి పంచుతాయి. ఆ పంచిన వేగమే వేడి. కణానికి వేగం కలిగించే యంత్రాన్ని త్వరణ యంత్రం అంటారు. చిక్కెక్కడంటే, విద్యుదావేశం ఉన్న కణానికి మాత్రమే వేగం కలిగించగలం. ఆవేశం ఉన్న కణాన్నేమో టోకామాక్ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం లోపలికి రానివ్వదు, దారి మళ్లిస్తుంది. సరిహద్దు గ్రామస్థులకు ఇది తెలియని వ్యవహారం కాదు. పొరుగు రాష్ట్రపు నంబరు ప్లేటున్న లారీని చెక్‌పోస్టులో ఆపుతారు. ప్లేటు లేనిదే రోడ్డెక్కడానికి వీల్లేదు. ఈ రెండు షరతులనూ ఒకేసారి నెరవేర్చాలంటే ఏమి చేయాలి? రోడ్డెక్కినప్పుడు ప్లేటు ఉండాలి, చెక్‌పోస్టు దగ్గర ఉండకూడదు. శాస్త్రజ్ఞులు సరిగ్గా అదే చేశారు. కణానికి ముందు ఆవేశం ఇచ్చి వేగం కలిగిస్తారు. తరువాత పలుచని వాయువు నింపిన గదిలోంచి పోనిచ్చి ఆ ఆవేశాన్ని ఊడబెరుకుతారు. తటస్థమైన కణం అయస్కాంతపు కాపలాను దాటి తిన్నగా లోపలికి పోతుంది. లోపల ప్లాస్మాతో తగిలి మళ్లీ ఆవేశం పొందుతుంది. ఇక అదే అయస్కాంత క్షేత్రం దానిని బయటకు పోనివ్వదు. దీనిని తటస్థ కణపుంజం అంటారు.

ఫ్రాన్సు దక్షిణ భాగంలో కాడరాష్ వద్ద నిర్మాణమవుతున్న ఐటర్ టోకామాక్ కోసం తయారుచేస్తున్న పుంజాలు ఇంతకు ముందెన్నడూ ఎరుగనివి. జెట్‌లో వాడిన పుంజాల్లో ఒక్కొక్క కణం శక్తి లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో ఉండేది. ఐటర్‌లో అది పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఐటర్ ప్లాస్మా పరిమాణం 830 ఘనపు మీటర్లు. తక్కువ వేగపు కణాలు పైపొరల్లోనే ఆగిపోయి నడిమధ్యకు చేరవు. పది లక్షల వోల్టుల కణం సెకనుకు సుమారు 9,800 కిలోమీటర్లు పోతుంది. కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా ఉన్న దేశపు పొడవుకు ఇది మూడింతలు.

ఇంతటి వేగం వద్ద మరొక చిక్కు వచ్చిపడింది. ధనావేశం ఉన్న కణాలు అంత వేగంలో వాయువు గదిలో ఎలక్ట్రాన్లను తీసుకోవు, ఆవేశంతోనే బయటపడతాయి. అందుచేత ఋణావేశం ఉన్న కణాలను వాడాలని నిర్ణయించారు. ఋణ అయానులో అదనంగా అతుక్కుని ఉన్న ఎలక్ట్రాను చాలా బలహీనమైన పట్టుతో ఉంటుంది, తేలికగా రాలిపోతుంది. ఆ బలహీనతే దాని ఉపయోగం, ఆ బలహీనతే దానిని తయారుచేయడంలో కష్టం. సీజియం అనే లోహాన్ని పలుచగా పూసిన ఉపరితలాల సాయంతో వాటిని పుట్టించి, చెదరకుండా ముందుకు లాగాలి. ఈ పరీక్షల కోసమే ఇటలీలోని పాడువా నగరంలో ప్రత్యేక కేంద్రం నెలకొల్పారు. అందులో మొదటి యంత్రం 2018లో పని ప్రారంభించింది. పుంజం ఒక గంటసేపు ఆగకుండా రావాలన్నది లక్ష్యం.

ఇక్కడ మళ్లీ బిల్లు చూద్దాం. ఒక్కొక్క పుంజం పది లక్షల వోల్టుల వద్ద 40 ఆంపియర్లు, అనగా 40 మెగావాట్లు. అందులో ప్లాస్మాకు చేరేది 16.5 మెగావాట్లు. మిగతాది ఆవేశం రాలని కణాలుగా, దారి తప్పిన కణాలుగా, వేడిగా పోతుంది. సంత నుంచి బయలుదేరిన బండిలో నలభై బస్తాలుంటే ఇల్లు చేరేసరికి పదహారు మిగిలినట్లు. ‘పెట్టిన శక్తికి పదింతలు రాబడి’ అనే మాట ఐటర్ గురించి తరచు వినిపిస్తుంది. ప్లాస్మాలోకి 50 మెగావాట్ల వేడి పంపి 500 మెగావాట్ల సంలీన శక్తి పొందాలన్నది దాని లక్ష్యం. ఆ మేరకు మాట నిజమే. కాని ఆ 50 మెగావాట్లు ప్లాస్మా గుమ్మం దగ్గర కొలిచినవి, మీటరు దగ్గర కొలిచినవి కావు. ఐటర్ ప్రాంగణానికి 110 మెగావాట్ల విద్యుత్తు కావాలి. ప్లాస్మా నడిచేటప్పుడు ముప్పై సెకన్ల పాటు 620 మెగావాట్ల దాకా పోతుంది. ఐటర్ ఒక్క యూనిట్ కరెంటునైనా ఎవరికీ సరఫరా చేయదు. అందుకోసం దానిని కట్టనూ లేదు. ఈ మాటను దాని నిర్వాహకులు దాచలేదు, దాటవేసినది పత్రికలే.

ఈ పనిలో మన దేశానికి భాగమున్నది. భారతదేశం 2005 డిసెంబరులో ఐటర్‌లో చేరింది. 2006 నవంబరులో పారిస్‌లో ఒప్పందంపై సంతకాలయ్యాయి. నిర్మాణంలో సగానికి కొంచెం తక్కువ ఐరోపా భరిస్తుండగా, భారత్‌తో సహా తక్కిన ఆరు పక్షాలూ దాదాపు తొమ్మిదేసి శాతం భరిస్తున్నాయి. మన వాటాలో ఎక్కువ భాగం నగదుగా గాక, వస్తు రూపంలో ఇస్తున్నాము. టోకామాక్‌ను మొత్తంగా కప్పి ఉంచే, సుమారు 30 మీటర్ల ఎత్తు, 3,850 టన్నుల బరువున్న ఉక్కు పాత్ర గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టి కర్మాగారంలో భాగాలుగా తయారై ఓడల్లో ఫ్రాన్సు చేరింది. దాని అడుగు భాగాన్ని, 1,250 టన్నులది, 2020 మే నెలలో గోతిలోకి దించారు. ఈ ఉక్కు పాత్ర ఫొటోలు మనమంతా చూశాము.

నా దృష్టిలో అంతకంటే విలువైనది చూపుకు ఆననిది. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధనా సంస్థ ఐటర్ కోసం మరొక రకం కణపుంజాన్ని తయారుచేసే బాధ్యత తీసుకున్నది. అది వేడి చేయడానికి కాదు, లోపల ఏమి జరుగుతున్నదో చూడడానికి. సంలీనం జరిగే కొద్దీ హీలియం పేరుకుంటుంది. ప్లాస్మాను వేడిగా ఉంచే ఒక వంతు శక్తి హీలియంది గనుక మొదట అది మేలే చేస్తుంది. ఆ శక్తి పంచేసిన తరువాత అది వట్టి బూడిద. కట్టెల పొయ్యిలో బూడిద తీయకపోతే మంట ఎట్లా మందగిస్తుందో ఇక్కడా అంతే. కాని 15 కోట్ల డిగ్రీల పొయ్యిలో బూడిద ఎంత పేరుకున్నదో తెలుసుకునేది ఎట్లా? లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల హైడ్రోజన్ పుంజాన్ని లోపలికి పంపితే, హీలియం కేంద్రకాలు ఆ హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుని, తమకే ప్రత్యేకమైన రంగుల కాంతిని వెలువరిస్తాయి. ఆ కాంతిని బయట నుంచి కొలిచి బూడిద లెక్క కడతారు. ఈ పుంజం కోసం గాంధీనగర్‌లో ప్రత్యేక ప్రయోగశాలను నెలకొల్పారు. ఉక్కు పాత్రను ఒకసారి చేసి పంపితే ఆ పని ముగిసినట్లే. పుంజం చేయడం నేర్చినవారి చేతిలో ఆ విద్య నిలిచి ఉంటుంది.

ఇక న్యూట్రాన్ సంగతి. శక్తిలో అయిదింట నాలుగు వంతులు పట్టుకుపోయేది అదేనని పైన చెప్పాను. దానికి ఆవేశం లేదు, అయస్కాంతానికి లొంగదు. కోటీ నలభై లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో తిన్నగా పోయి గోడను ఢీకొంటుంది. ఆ దెబ్బకు ఉక్కులోని పరమాణువులు తమ స్థానాల నుంచి కదిలిపోతాయి. లోహం ఏళ్ల తరబడి ఈ దెబ్బలు తింటే పెళుసెక్కుతుంది, ఉబ్బుతుంది. సంలీన విద్యుత్ కేంద్రంలో గోడ ఎన్నేళ్లు ఉంటుందన్నది ఇంకా తేలని ప్రశ్న. మామూలు అణు రియాక్టర్లలోని న్యూట్రాన్ల సగటు శక్తి ఇందులో ఏడో వంతు మాత్రమే గనుక, వాటిలో పరీక్షిస్తే సరిపోదు.

దీనికీ మందు త్వరణ యంత్రమే. స్పెయిన్ దేశంలో గ్రనడా సమీపాన ఎస్కూసర్ అనే చిన్న ఊరి వద్ద ఒక కేంద్రాన్ని కడుతున్నారు. అక్కడ డ్యూటీరియం కేంద్రకాలకు నాలుగు కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తినిచ్చి, ద్రవరూపంలో పారుతున్న లిథియం తెర మీదికి కొడతారు. ఆ తాకిడికి పుట్టే న్యూట్రాన్ల వానలో రకరకాల ఉక్కు ముక్కలను ఉంచి అవి ఎంతకాలం తట్టుకుంటాయో చూస్తారు. పుంజం శక్తి 5 మెగావాట్లు. అది పడే లిథియం తెర మందం రెండున్నర సెంటీమీటర్లు. తెర సెకనుకు 15 మీటర్ల వేగంతో పారుతూ ఉండాలి, ఆగితే ఆవిరైపోతుంది. ఇటువంటి పుంజపు తొలి దశను జపాన్‌లోని రొక్కాషోలో కొంతకాలంగా పరీక్షిస్తున్నారు. గ్రనడా ఫలితాలు చేతికి రానిదే ఏ ప్రభుత్వమైనా, ఏ కంపెనీ అయినా ‘మా సంలీన కేంద్రం నలభై ఏళ్లు నడుస్తుంది’ అని చెబితే, ఆ నలభై అనే సంఖ్యకు పునాది ఏమిటని అడగవచ్చును.

ట్రిటియం కొరత గురించి క్లుప్తంగా చెబుతాను. దాని అర్ధాయుష్షు 12.3 ఏళ్లే గనుక ప్రకృతిలో గనులుగా దొరకదు. భారజల రియాక్టర్లలో కొద్దికొద్దిగా తయారవుతుంది. కైగాలోనివి ఆ రకం రియాక్టర్లే. వెయ్యి మెగావాట్ల సంలీన శక్తిని ఏడాది పొడవునా పుట్టించాలంటే 55 కిలోలకు పైగా ట్రిటియం కావాలి. ప్రపంచంలో పౌర అవసరాలకు అందుబాటులో ఉన్న నిల్వలు అంత లేవు. కాబట్టి గోడలో లిథియం నింపి, న్యూట్రాన్ల చేతనే ట్రిటియాన్ని అక్కడికక్కడ పండించుకోవాలి. విత్తనాన్ని ఈ ఏటి పంట నుంచే తీసి పెట్టుకునే రైతు పద్ధతి ఇది. పూర్తి స్థాయిలో దీనిని ఇంతవరకు ఎవరూ చేసి చూపలేదు.

కాలపట్టిక విషయానికి వస్తే, ఐటర్ తొలి అంచనాల ప్రకారం 2016లో మొదటి ప్లాస్మా కనిపించాలి. అది 2025కు జరిగింది. 2022లో శీతల గొట్టాల్లో పగుళ్లు, పాత్ర భాగాల కొలతల్లో తేడాలు బయటపడి మరమ్మతులు చేయవలసి వచ్చింది. 2024 జులైలో ప్రకటించిన కొత్త పట్టిక ప్రకారం పరిశోధన 2034లో మొదలవుతుంది. అసలైన ఇంధనంతో, అనగా డ్యూటీరియం ట్రిటియంలతో, 2039లో. అదనపు వ్యయం సుమారు 500 కోట్ల యూరోలు. 2025 ఫిబ్రవరిలో మన ప్రధాని నరేంద్ర మోదీ, ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్‌తో కలిసి ఆ ప్రాంగణాన్ని సందర్శించారు. ఆ ఏడాదే గాంధీనగర్ శాస్త్రజ్ఞులు దేశీయ మార్గచిత్రాన్ని ప్రతిపాదించారు. విచ్ఛిత్తి, సంలీనం కలగలిసిన 130 మెగావాట్ల యంత్రం ముందు, 250 మెగావాట్ల ప్రదర్శన కేంద్రం 2060 నాటికి. ముందు చెప్పిన 130 మెగావాట్లలో 100 మెగావాట్లు విచ్ఛిత్తి నుంచే రావలసి ఉన్నది. నిజాయితీ గల ప్రతిపాదన అని దీనిని మెచ్చుకుంటాను. తేదీని దగ్గరగా చూపి ఊరించలేదు.

అమెరికాలో ప్రైవేటు కంపెనీల ధోరణి వేరు. ఒక కంపెనీ 2028 నాటికే మైక్రోసాఫ్ట్‌కు సంలీన విద్యుత్తు అమ్ముతామని 2023లో ఒప్పందం కుదుర్చుకున్నది. మసాచుసెట్స్‌లోని కామన్‌వెల్త్ ఫ్యూజన్ సంస్థ 2021లో 20 టెస్లాల శక్తిమంతమైన అయస్కాంతాన్ని పరీక్షించి చూపింది. అది నికరమైన సాంకేతిక విజయం, టోకామాక్‌ను చిన్నదిగా కట్టడానికి దారి చూపుతుంది. అయితే అయస్కాంతం ఎంత బలమైనదైనా న్యూట్రాన్‌ను ఆపదు. 2028 తేదీని నేను నమ్మలేకున్నాను.

మన కుటుంబాలకు దీనిలో పని ఏమున్నది? రెండు సంగతులు చెప్పవలసి ఉన్నది. మొదటిది, ఈ వార్తలను చూసి కరెంటు విషయంలో ఏ నిర్ణయాన్నీ వాయిదా వేసుకోవద్దు. సౌర పంపుల కోసం 2019లో వచ్చిన కుసుమ్ పథకం వంటి వాటి గురించి ఆలోచిస్తున్న రైతు, మనకు అందే ఉచితపు సూర్యుడు ఇప్పటికీ తూర్పునే ఉదయిస్తున్నాడని గుర్తుంచుకోవాలి. ఆయన కూడా సంలీన యంత్రమే. నిర్వహణ ఖర్చు లేనివాడు.

రెండవది నాకు మరింత ముఖ్యమైనది. త్వరణ యంత్రం మన బతుకుల్లోకి ఎప్పుడో వచ్చింది. మన వైపు నుంచి క్యాన్సర్ రోగులు రేడియేషన్ చికిత్స కోసం వేలూరుకో, బెంగళూరుకో, విశాఖపట్నానికో వెళ్లినప్పుడు వారిని పడుకోబెట్టే లీనాక్ అనే యంత్రం త్వరణ యంత్రమే. అందులో ఎలక్ట్రాన్లకు అరవై లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి శక్తినిచ్చి టంగ్‌స్టన్ లోహం మీద కొడతారు. అక్కడ పుట్టిన ఎక్స్ కిరణాలు కణితి మీద పడతాయి. పూర్వపు కోబాల్ట్ యంత్రంలో లాగా కరిగిపోయే రేడియోధార్మిక మూలకం దీనిలో ఉండదు. కాని దీనికి నిలకడైన కరెంటు కావాలి, నడపగల భౌతిక శాస్త్రవేత్త కావాలి. ముంబయిలోని సమీర్ సంస్థ ఇటువంటి యంత్రాన్ని స్వదేశంలోనే రూపొందించింది. చికిత్స సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు సాగుతుంది. అన్ని వారాలు కూలి మానుకుని, పరాయి ఊళ్లో అద్దె గది తీసుకుని ఉండలేక మధ్యలో తిరిగి వచ్చేసినవారు ఏ ఊళ్లో లేరు? మరో రాష్ట్రపు ఆసుపత్రిలో మన రాష్ట్రపు ఆరోగ్య కార్డు చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న అక్కడ మళ్లీ మొదలు.

ఐటర్‌కు మన దేశం ఇస్తున్న వాటాను నేను దుబారా అనను. గాంధీనగర్‌లో ఋణ అయానుల పుంజాన్ని నిలబెట్టగలవారే, తగిన ఉత్తర్వు ఉంటే, జిల్లాకొక లీనాక్‌ను నిలబెట్టే విద్యకూ తోడ్పడగలరు. ఉత్తర్వు ఎవరిస్తారన్నదే ప్రశ్న. సరిహద్దుకు ఇరువైపులా ఉన్న శాసనసభ్యులు ‘కృత్రిమ సూర్యుడి’ మీద అభినందన ప్రకటనలు ఇచ్చేటప్పుడు, తమ నియోజకవర్గం నుంచి అత్యంత సమీపపు లీనాక్ ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నదో కూడా ఒక వాక్యంలో చెబితే బాగుంటుంది.

ఐటర్‌లో అసలు ఇంధనం అంటుకోవలసిన 2039 నాటికి, 2025లో మన తెలుగు మాధ్యమ పాఠశాలలో ఆరవ తరగతి చదివిన అమ్మాయికి ఇరవై అయిదేళ్లు వస్తాయి. ఆ రోజున గాంధీనగర్ పుంజం వెలుగులో హీలియం బూడిదను కొలిచే బల్ల ముందు ఆమె కూర్చుని ఉండవచ్చు. అందుకు ఆమెకు ఇప్పుడు కావలసినది ఎనిమిదవ తరగతి నుంచి భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు. మన సరిహద్దు పాఠశాలల్లో ఆ ఖాళీలు ఎన్ని ఉన్నాయో ఆయా గ్రామాల తల్లిదండ్రులకు నాకంటే బాగా తెలుసు.